మొదటి ట్యూబు

"యాడ పారేస్తాండావు దాన్ని?"

ఉమామహేశ్వర కేక వేశాడు.

రక్తం నిండిన చిన్న ట్యూబు అప్పటికే ఎర్ర డబ్బాలో పడిపోయింది. పడేసింది రక్తం తీసే కృపమణి. ఉమామహేశ్వర భార్య శివలీల చేతికి సూది ఇంకా అలాగే ఉంది. కృపమణి ఆ సూదికే రెండో ట్యూబు తగిలించింది.

"మొదటిది పనికిరాదన్నా. అది అబద్ధం చెప్తాది."

"రగతం అబద్ధం చెప్తాదంట! ఇన్నారా?"

వరండాలో లైను లైనంతా నవ్వింది.

కృపమణి నవ్వలేదు. ఎండాకాలంలో కూడా తలకు గుడ్డ చుట్టుకుని, మాస్కు తీయకుండా పనిచేసే మనిషి. ఎవరితోనూ రెండు మాటలకు మించి మాట్లాడదు. పొగరని పేరు.

ఉమామహేశ్వర, శివలీల ఎమ్మిగనూరులో మగ్గం నేస్తారు. పోయిన సంవత్సరం శివలీలకు రొమ్ము తీసేశారు. గడ్డ పోయింది, భయం పోలేదు. రోగం కణం ఒక్కటైనా రక్తంలో పడి తిరుగుతోందేమో అని, దాని జన్యువు ఆనవాలు పట్టి వెతికే కొత్త పరీక్ష కర్నూలులో ఒక ట్రస్టు ఆసుపత్రి ఉచితంగా చేస్తోంది. మూడు నెలలకొకసారి వస్తారు. కణం కనబడితే మళ్ళీ మందులు, మళ్ళీ వాంతులు. ఇంకోసారి తట్టుకోలేనని శివలీల ముందే చెప్పేసింది.

"సంగటి ముద్ద మింగలేక, దానిమ్మ రసం తాగి పెంచుకున్న రగతమమ్మా అది! నీ అబ్బ సొమ్మా?"

"అరవొద్దన్నా. చెయ్యి కదుల్తాది."

లైనులోంచి అయ్యన్న అనే ముసలాయన అందుకున్నాడు.

"పారేస్తే పీడా పాయె. అమ్ముకుంటాందేమో చూడప్పా!"

అంతే. అరగంటలో కృపమణి మీద అర్జీ తయారైంది. ఇరవై ఇద్దరు సంతకాలు పెట్టారు. చదివి పెట్టినవాడు ఒక్కడూ లేడు.

కాంట్రాక్టు మనిషిని తీసేయడానికి ఆఫీసుకు విచారణ అక్కర్లేదు, కాగితం చాలు. అదే కాగితం ఏ పెద్ద డాక్టరు మీదో ఇచ్చి ఉంటే ఈపాటికి బీరువాలో చెదలు తింటుండేది.

సాయంత్రం కృపమణి సంచి భుజాన వేసుకుని బయటికొచ్చింది. మెట్ల మీద కూర్చున్న శివలీల దగ్గర ఆగింది.

"అక్కా, మూడు నెల్లకు మళ్ళీ వస్తావు గదా. మొదటి ట్యూబు పారేయమని నువ్వే అడుగు. మర్చిపోవద్దు."

శివలీల ముఖం తిప్పుకుంది.

మూడు నెలలు గడిచాయి. అదే కుర్చీలో కొత్త మనిషి.

"ఒక్క చుక్క పారేయొద్దు సామీ," అన్నాడు ఉమామహేశ్వర.

"నేనెందుకు పారేస్తాప్పా!"

వారం తర్వాత ఫోను వచ్చింది. రక్తంలో కణాలు కనబడ్డాయట.

శివలీల మగ్గం గుంటలోంచి లేచింది. సగం నేసిన చీర సగంలోనే ఆగింది. బీరువా బీగంచెవి తెచ్చి కూతురి చేతిలో పెట్టింది.

"ఇదేందే?" అన్నాడు ఉమామహేశ్వర.

"నేర్చుకోనీ మామా. ఇంగ ఎన్ని దినాలు నేనుంటా?"

పన్నెండు రోజులు ఆ ఇంట్లో పొయ్యి సరిగా వెలగలేదు.

పదమూడో రోజు డాక్టరు ప్రణీత పిలిపించింది. ఆ పరీక్ష నడిపేది ఆమే. కాగితాలు చూసి అనుమానం వచ్చి, సూది తనే పట్టుకుంది. మొదటి ట్యూబు నిండగానే ఎర్ర డబ్బాలో పడేసింది.

ఉమామహేశ్వర ఆ డబ్బాలోకి తొంగి చూశాడు.

వారం తర్వాత ఫలితం వచ్చింది. ఈసారి కణం ఒక్కటీ లేదు.

"మరి పోయినసారి కనపడినవేంటివి మేడమ్?"

"ఆమె చర్మమే. సూది లోపలికి పోయేటప్పుడు తోలు గీరుకుంటుంది. ఆ కణాలు మొదటి ట్యూబులో పడతాయి. ఈ పరీక్ష వెతికే ఆనవాలు వాటిలోనూ ఉంటుంది, అందుకే అవీ రోగం కణాల్లాగే కనబడతాయి. నేను ఊళ్ళో లేని వారంలో కృపమణిని తీసేశారు. మొదటి ట్యూబు పారేయాలని కొత్తాయనకు నాతో సహా ఎవరూ చెప్పలేదు."

శివలీల ఇంటికి పోయి మళ్ళీ మగ్గం గుంటలో దిగింది. ఆగిపోయిన చీర ముగించింది. ఎర్రంచు తెల్లచీర. మడత పెట్టి ఇద్దరూ కర్నూలు బస్సెక్కారు.

"ఆయమ్మ ఇల్లు యాడ మేడమ్? కాళ్ళు పట్టుకుంటాం," అన్నాడు ఉమామహేశ్వర.

డాక్టరు చీర వైపు చూసింది.

"బద్వేలు పక్కన పల్లె. ఇంటికి పోయి లాభం లేదు. పోయిన నెలే మట్టి చేశారు. చర్చి వెనకాల."

శివలీల చీరను గుండెకు హత్తుకుంది.

"ఏమైంది మేడమ్ ఆయమ్మకు?"

డాక్టరు బీరువాలోంచి రిజిస్టరు తీసింది. మొదటి పేజీ, మొదటి పేరు. కృపమణి.

"ఈ పరీక్షకు ఈడ మొట్టమొదట చెయ్యి చాపింది ఆమే. నీకు తీసినట్టే ఆమెకు కూడా రొమ్ము తీశారు. మొదటి ట్యూబు చూసి, రోగం తిరగబెట్టిందని నేనే చెప్పాను. నెల రోజులు ఏడ్చింది. మళ్ళీ చేస్తే అబద్ధమని తేలింది. అప్పుడే నా దగ్గర పనికి చేరింది. ఇంకెవర్నీ అట్లా ఏడవనీయను మేడమ్ అంది."

"మరి అబద్ధమని తేలింది గదా?" అంది శివలీల.

డాక్టరు పేజీలు తిప్పింది. కృపమణి పేరు మీద చివరి తేదీ చూపించింది. అర్జీ పెట్టిన రోజుకు నాలుగు రోజుల ముందు.

"ఆ రోజు రక్తం నాతోనే తీయించుకుంది. మొదటి ట్యూబు తన చేత్తో తనే పారేసింది."

డాక్టరు రిజిస్టరు మూసేసింది.

"రెండో ట్యూబు అబద్ధం చెప్పలేదు."