సాన్ కోనో సాక్షిగా

“ఆ గుప్పెడు పందెం బిళ్ళల్ని ఇంకెంతసేపు పొదుగుతావమ్మా? పిల్లల్ని చేస్తాయనా?” అన్నాడు విల్మార్, మాతే ఆకుల తేనీటి బుర్రలో గొట్టం చప్పరిస్తూ.

పేకబల్ల చుట్టూ మూగిన జనం గొల్లున నవ్వారు. యానినా తలెత్తలేదు. చేతిలోని రెండు ముక్కలూ మళ్ళీ కింద పడేసింది.

బయట వాన. సాల్తో ఊరి క్లబ్బులో ఆదివారం పోకర్ పోటీ. పొద్దున కూర్చున్న వాళ్ళలో ఇక మిగిలింది ముగ్గురు. విల్మార్ ముందు బిళ్ళలు గుట్టగా ఉన్నాయి. రాజధాని నుంచి వచ్చిన టైర్ల వ్యాపారి ఫాబ్రిసియో ముందు కాసిని. యానినా ముందు అంతకన్నా తక్కువ. మొదటి బహుమతి మోటారు సైకిలు, రెండోది బట్టలుతికే మిషను, మూడోది గ్యాసు పొయ్యి.

ముక్కలు పంచే ముసలి ఎలాదియో వేయించిన తోర్తా రొట్టెల పళ్ళెం ఆమె వైపు జరుపుతూ గొణిగాడు. “తొందరపడకమ్మాయ్. ముక్కలు పడేస్తూ కూర్చో. ఆ టైర్లాయన ఆగలేని మనిషి, ముందు ఆయనే పోతాడు. మిషను నీదవుతుంది. గుడ్డలుతికి ఆ వేళ్ళు చూడు, ఎలా పగిలాయో.”

“నేను మిషను కోసం రాలేదు తాతా.”

“అదీ తెలుసులే,” అని నిట్టూర్చాడు ముసలాయన.

పొద్దున పేరు రాయించుకోవడానికి వస్తే గుమ్మంలోనే అడ్డం నిలబడ్డాడు విల్మార్. “ఇది వంటిల్లు కాదు,” అన్నాడు. ఆమె కదల్లేదు. దాంతో పౌరుషం పొడుచుకొచ్చి, మెడలోని సాన్ కోనో పతకం తీసి అందరి ముందూ బల్ల మీద కొట్టాడు. “ఈవిడ నన్ను ఈ బల్ల మీంచి లేపిందా, సాన్ కోనో సాక్షిగా చచ్చేదాకా పేక ముట్టను!”

కన్నతల్లి మీద ఒట్టయినా గట్టున పెడతారు గానీ, జూదగాళ్ళని కాచే సాన్ కోనోకి ఇచ్చిన మాట తప్పినవాడు ఆ ఊళ్ళో లేడు. ఆ మాట అతని చేత చెల్లించుకునేలా చెయ్యడానికే యానినా బల్ల వదలకుండా కూర్చుంది.

చిక్కల్లా ఒకటే. తన దగ్గర ఎంతుందో అంతే అతని దగ్గర గెలవగలదు. ఈ గుప్పెడుతో ఆ గుట్ట కూలదు. అలాగని ఊరికే కూర్చుంటే, పెరుగుతున్న పందెం ఈ గుప్పెడునీ నమిలేస్తుంది.

“ఇంట్లో మీ ఆయన ఏమీ అనరా?” అనడిగాడు ఫాబ్రిసియో మర్యాదగా.

“అనకేం? వద్దనే అన్నాడు.”

“మరి?”

“వచ్చాను.”

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు.

ఇంతలో యానినా ఫోను మోగింది. పక్కింటి మిర్తా. “పాప ఒళ్ళు కాలిపోతోందే! ఒకటే ఏడుపు. సీసా పాలు నోట పెట్టుకోవడం లేదు.”

యానినాకి రొమ్ములు సలిపాయి. తడిసిన చొక్కా కనపడకుండా శాలువా లాక్కుంది. “తడిగుడ్డ వెయ్యి అక్కా. ఇదిగో, వచ్చేస్తున్నాం.”

“ఏమైందట?” అన్నాడు విల్మార్.

“నీకెందుకు పెద్దమనిషీ? ఆట ఆడు.”

అతని మొహం మాడిపోయింది. “పాలు తాగే పిల్లనొదిలి జూదానికొచ్చిన తల్లిని ఇక్కడే చూస్తున్నా.”

“అవును మరి, తండ్రులు రావచ్చు గానీ!”

ఈసారి నవ్వు అటు తిరిగింది. విల్మార్ కసిగా పందెం పెంచాడు. ఫాబ్రిసియో తప్పుకున్నాడు. యానినా ముక్కలు చూసుకుంది. ఆసు, తొమ్మిది. కాచుకు కూర్చునే కాలం చెల్లిపోయింది.

“ఉన్నదంతా,” అని ముందుకు తోసింది.

“పోయి ఆ పొయ్యి తెచ్చుకో,” అని అతనూ ముక్కలు తిప్పాడు. బల్ల మీద పరిచే ఉమ్మడి ముక్కల్లో ఆసు పడింది. గుప్పెడు రెండు గుప్పిళ్ళయింది.

మళ్ళీ పంచారు. విల్మార్ పెద్ద పందెం కాసి, చెవి తమ్మె లాక్కున్నాడు. యానినా చేతిలో ఏడుల జత.

“ఉన్నదంతా.”

వెనక్కి తగ్గితే విల్మార్ పరువు పోతుంది. తగ్గలేదు, ఓడాడు. ఇప్పుడు ఆమె ముందున్నదే పెద్ద కుప్ప.

“ఉత్త బెదిరింపని ఎలా పట్టేశారండీ?” ఫాబ్రిసియో నోరు వెళ్ళబెట్టాడు.

“అబద్ధమాడితే ఆ చెవి ఊరుకోదు.”

మూడో ఆట. విల్మార్ మిగిలిందంతా తోసేశాడు. చెయ్యి చెవి దగ్గరికి పోలేదు.

“వదిలెయ్ అమ్మాయ్. ఈసారి నిజంగానే మంచి ముక్కలున్నాయి,” అన్నాడు ఎలాదియో.

యానినా చేతిలో ఆసు, రాజు. బతకనూవచ్చు, చావనూవచ్చు. ఆగితే ఇంకో గంట, అక్కడ పాప ఏడుపు.

“నిజం చెప్పడం కూడా వచ్చన్నమాట నీకు,” అంది విల్మార్ కళ్ళలోకి చూస్తూ. “అయినా సరే, చూపించు.”

విల్మార్ ముక్కలు తిప్పాడు. రాణుల జత. ఒక్కో ముక్కా పరుస్తున్నాడు ఎలాదియో. మాతే చప్పరింపు కూడా ఆగిపోయింది. ఆఖరి ముక్క తిప్పాడు.

రాజు.

విల్మార్ లేచి, పతకాన్ని ఆమె ముందు పెట్టి, గుమ్మం దగ్గరికి నడిచాడు. యానినా పతకాన్ని మెడలో వేసుకుని, తన కుప్పంతా ఫాబ్రిసియో వైపు తోసేసింది.

“ఇదేంటమ్మా, బండి మీకొద్దా?”

“మీరే తీసుకోండి. కొంపొదిలి తిరగడానికి తప్ప ఎందుకు పనికొస్తుంది? మిషను రేపు పట్టుకెళ్తాం, మోసే మనిషి దొరికాడుగా!”

ఆయనకి అంతుపట్టలేదు. “ఇంత తెగించి ఆడి, చివరికి మీరు గెలుచుకుపోతున్నదేమిటి?”

“మా ఆయన్ని,” అంది యానినా.