పసుపు నీళ్లు

అది 1987 మే 14, గురువారం. పొద్దున తొమ్మిదికే వడగాలి మొదలైంది. ఆ ఏడు మామిడి కూడా సరిగ్గా కాయలేదు, అది వేరే సంగతి.

పెరట్లో గురక జబ్బు తగిలిన బూడిదరంగు పెట్టనీ దాని పిల్లలనీ మంగతాయారు తడిక వెనక పెట్టి, ఎర్ర డబ్బాలో పసుపు రంగు మందు కలిపిన నీళ్లు పోసింది. బయట తిరిగే డేగ పుంజుకు మాత్రం ఎప్పటి మట్టి మూకుడే. దాని కడుపు మండిపోయింది.

"మహారాణిగారికి రంగునీళ్లా? తెల్లారి కూసి ఇల్లంతా లేపేది నేను," అంది.

"అది మందు నాయనా," అంది పెట్ట రొప్పుతూ. "నీకు రోగం లేదు. నీ మూకుడే మేలు."

"ఎందుకు చెప్పవూ, మొత్తం నువ్వే తాగాలని."

పుంజు తడిక దూకి డబ్బా ఖాళీ చేసింది. మంగతాయారు మందు పోసినప్పుడల్లా అదే పని. పెట్టకీ పిల్లలకీ గుక్కెడు మిగిలేది. ఆ గుక్కెడుకు జబ్బు చావలేదు సరికదా, మందుకు అలవాటు పడింది.

వారం తిరక్కుండా పెట్ట పోయింది. తర్వాత పుంజుకూ గురక పట్టుకుంది. మంగతాయారు దాన్నీ తడిక వెనక పెట్టి డబ్బా నిండా పసుపు నీళ్లు పోసింది. పిల్లలు భయపడి దగ్గరికి రాలేదు. పుంజు ఒక్కటే తాగింది. ఎంత తాగినా గురక తగ్గలేదు.

అది పోయాక గోడమీద అది కూసే చోటు పక్కింటి పుంజుకు దక్కింది. మట్టి మూకుడు పిచ్చుకలకు దక్కింది. ఇంకా గురక పెడుతున్న పెట్ట పిల్లలకు డబ్బా నిండా పసుపు నీళ్లు దక్కాయి. అంటే వాటికి ఏమీ దక్కలేదు.