ముడిచిన కనుబొమలకు ఒక మార్కు

మా తమ్ముడి రెండు చేతులూ మంచం పట్టెలకు కట్టేసి ఉన్నాయి.

ఓరిన్ పుట్టు చెవిటివాడు. వాడు మాట్లాడేది చేతులతోనే.

నన్ను చూడగానే వాడి వేళ్లు గబగబా కదిలాయి. పట్టీల బిగుతుకి మణికట్టు తిరగలేదు. ఏమన్నాడో నాకు తెలియలేదు.

వాడి మాట నాకు అర్థం కాకపోవడం అదే మొదటిసారి.

అమ్మ పోయినప్పటి నుంచి వాడికి నిద్ర లేదు. చచ్చిపోవాలనిపిస్తోందని వీడియో ఫోన్లో నాకు చెప్పాడు. తనే మా ఊరు హిబ్బింగ్‌లో బస్సెక్కి, డులూత్‌లో ఈ మానసిక వార్డుకి వచ్చి చేరాడు.

వాడు దేవుడేమీ కాదు. పేకాటలో ఓడితే రెండు రోజులు మొహం చూపించడు. కానీ మనిషి మీద చెయ్యి చేసుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

నర్సు డెనీస్ నన్ను పక్కకి పిలిచింది.

"ప్రతి పూటా పేషెంట్లకి మార్కులేస్తామండీ, ఎవరి మీదైనా తిరగబడేలా ఉన్నారేమోనని. మీ తమ్ముడివి నిన్నట్నుంచీ ఎక్కువే వస్తున్నాయి."

"ఏం చేశాడు?"

"బల్ల గుద్దాడు. నేలని దబదబా తన్నాడు. లైటు ఆర్పడం, వెయ్యడం, ఆర్పడం, వెయ్యడం. దగ్గరికెళ్తే కనుబొమలు ముడిచి నా మొహంలోకి కోపంగా చూశాడు. అన్నిటికీ తలా ఒక మార్కు పడిందండీ."

నాకు ఒళ్లు మండింది.

మా ఇంట్లో వినపడేది నా ఒక్కదానికే. అమ్మకీ నాన్నకీ తమ్ముడికీ చెవులు వినపడవు. రాత్రి భోజనానికి చేసిన హాట్‌డిష్ ఓవెన్‌లోంచి తీశాక అందరినీ పిలవాలంటే బల్ల గుద్దేదాన్ని. అదురు తెలిసి తలెత్తేవాళ్లు. అటు తిరిగి ఉన్నవాళ్లని పిలవాలంటే నేలని తన్నేదాన్ని. పక్క గదిలో ఉంటే లైటు ఆర్పి మళ్లీ వెలిగించేదాన్ని.

మా చేతి భాషలో ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అని అడగాలంటే కనుబొమలు ముడవాలి. ముడవకపోతే అది ప్రశ్న కిందకే రాదు.

"వాడు మిమ్మల్ని ఏదో అడుగుతున్నాడు," అన్నాను.

"ఏమని?"

"నన్నడుగుతారేంటి? చేతి భాష తెలిసిన దుబాసీ ఏరి?"

"తెర మీద దుబాసీ కనిపించే బండి ఉందండీ. అది పాడైంది. మనిషి కావాలని కబురు పెట్టాం. సోమవారం వస్తారు."

పాపం తమ్ముడు అడిగింది అదే అయ్యుంటుంది, దుబాసీ ఎప్పుడొస్తారని.

ఇంతలో డాక్టర్ విట్‌కోంబ్ కాఫీ కప్పుతో వచ్చాడు. నన్ను ఆఫీసు గదిలో కూర్చోబెట్టాడు. డెనీస్ కూడా వెంట వచ్చింది.

"ఈ పూట కూడా ఇన్నే మార్కులొస్తే, తాళాలేసి ఉంచే ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి పంపక తప్పదు మారెన్ గారూ. నాకేం సరదా కాదు."

అక్కడికి వెళ్లినవాళ్లు ఎప్పుడు తిరిగొస్తారో ఎవరూ చెప్పరు. అమ్మని పూడ్చి రెండు నెలలు కాలేదు.

"ముందు వాడి చేతులు విప్పండి."

"ఎవరినీ కొట్టనని చెబితే విప్పుతాం."

"చేతులు కట్టేసి, చెప్పమంటే ఎలా చెబుతాడండీ?"

"తల ఊపొచ్చు కదా," అంది డెనీస్. "నిన్న ఊపారు కూడా. ఎవరినైనా కొట్టాలనుందా అని నెమ్మదిగా, స్పష్టంగా అడిగాను. ఔనని ఊపారు."

"మీరేమడిగినా ఊపుతాడు. పెదాలు చూసి అర్థం కాకపోతే నవ్వుతూ తలూపమని బడిలో టీచర్లే నేర్పారు వాడికి."

"అది మాకెలా తెలుస్తుందండీ?"

బల్ల మీద అరచేత్తో ఒక్కటిచ్చాను. డాక్టర్ కాఫీ తొణికి చొక్కా మీద పడింది.

"మీ బాధ నాకు అర్థమవుతోంది," అన్నాడు డాక్టర్.

డెనీస్ వెళ్లి నాకు మంచినీళ్లు తెచ్చింది.

"ఇంటివాళ్లని దుబాసీగా వాడకూడదు. సరే, ఇవాళ్టికి మీరే అడగండి. ఒక చెయ్యి విప్పుతాం," అన్నాడు డాక్టర్.

తమ్ముడి గదికి వెళ్లి ఎడమది విప్పారు. వాడిది కుడిచేతి వాటం.

ఆ చెయ్యి మొద్దుబారిపోయి ఉంది. కాసేపు మంచం మీదే పడేసి ఉంచాడు. పట్టీ ఉన్న చోట చర్మం లేచిపోయింది.

"అడగండి," అన్నాడు డాక్టర్. "ఎవరినైనా కొట్టాలనిపిస్తోందా?"

అడిగాను. ఔనో కాదో తేల్చమనే ప్రశ్న కాబట్టి కనుబొమలు పైకెత్తి అడిగాను.

తమ్ముడు డాక్టర్ వంక చూశాడు. తలుపు దగ్గర నిలబడ్డ ఇద్దరు కాపలావాళ్ల వంక చూశాడు. తర్వాత ఆ ఎడమ చేత్తోనే నిదానంగా చెప్పాడు.

"అనిపిస్తోందక్కా. కట్టినవాళ్లని. కట్టమన్నవాణ్ణి ఇంకా గట్టిగా."

"ఏమంటున్నారు?" డాక్టర్ కలం తీశాడు.

ఆరేళ్ల వయసు నుంచి మా ఇంటికి దుబాసీని నేనే. బ్యాంకులోనూ నేనే, బడిలోనూ నేనే. ఇక లాభం లేదని అమ్మని చూస్తున్న డాక్టర్ చెప్పిన రోజు ఆమెకి ఆ మాట అందించింది కూడా నా చేతులే. ఎక్కడా ఒక్క ముక్క మార్చి చెప్పలేదు.

"ఎవర్నీ కొట్టాలని లేదంటున్నాడు," అన్నాను.

డాక్టర్ హమ్మయ్య అనుకున్నట్టు ఊపిరి వదిలాడు. రెండో పట్టీ కూడా విప్పమన్నాడు. డెనీస్ ఈ పూటకి సున్నా వేసింది.

తమ్ముడు నా పెదాల వంకే చూస్తూ ఉన్నాడు. నేనేం చెప్పానో వాడికి తెలిసిపోయింది. తల దించుకుని మణికట్టు రుద్దుకున్నాడు.

డాక్టర్ నాకు థాంక్స్ చెప్పి, చెయ్యి కలిపి వెళ్లిపోయాడు.

ఎవరినైనా కొట్టాలనిపిస్తోందా అని నన్నెవరూ అడగలేదు.