రామతీర్థానికి మూడు దారులు

“అన్నియ్యా, ఆయనేరి?”

కుసుమకుమారి ఈ మాట అడగడం ఇది నాలుగోసారి. ఉమాశంకర్ ఏం తోచక ఇడ్లీ గిన్నె మీది మూత తీసి మళ్ళీ పెట్టాడు.

రామతీర్థం కొండ కింద టెంటు వేయించుకుని తెల్లారకముందే వచ్చి కూర్చున్నాడతను. విజయనగరంలో ఇనుప సామాన్ల కొట్టు నడిపే అతనే సైకిల్ క్లబ్బుకి సెక్రటరీ, ఇవాళ్టి సవారీకి దారులు గీసిందీ అతనే. అందరూ చేరవలసింది రామతీర్థానికే అయినా దారులు మాత్రం మూడు. కొత్తవాళ్ళకి పొలాల మధ్యనుంచి చదును రోడ్డు. కాస్త అలవాటున్నవాళ్ళకి గరివిడి మీదుగా చుట్టుదారి. కాళ్ళలో సత్తువా బ్రేకు మీద పట్టూ ఉన్నవాళ్ళకి క్వారీ గుట్ట ఎక్కి దిగే దారి. హ్యాండిల్‌కి తెల్లగుడ్డ కడితే చదును, పసుపుదైతే చుట్టుదారి, ఎర్రదైతే గుట్ట. దారి చీలినచోట నిలబడ్డ మనిషి ఆ గుడ్డ రంగు చూసి ఎటు చెయ్యూపితే అటు పోవాలి.

కుసుమకుమారి మొగుడు రాంబాబు కిరాణా కొట్టు మనిషి. డాక్టరు షుగరుందని బెదిరిస్తే పది రోజుల కిందట సైకిలు కొన్నాడు. తెల్లగుడ్డవాళ్ళంతా ఏడింటికే వచ్చేసి, టిఫిన్లు తిని, ఫోటోలు కూడా దిగారు. ఇప్పుడు ఎనిమిదిన్నర. రాంబాబు ఫోను మోగుతోంది గానీ ఎత్తేవాళ్ళు లేరు.

“పంచరేటైనా అయ్యుంటాది సెల్లెమ్మా. బావ సంగతి నీకు తెల్దేటి, టీకొట్టు కనిపిస్తే కదల్డు కదా.”

“టీ మానీసి పది రోజులైంది అన్నియ్యా.”

అంతలో ధనరాజు మోటారు సైకిలు మీద దిగాడు. పొద్దుటినుంచీ దారి చీలిన చోట నిలబడి చేతులూపింది అతనే.

“అందరూ వచ్చీసినారా బాబూ?” అన్నాడు దిగుతూనే.

“రాంబాబు బావ రాలేదురా. తెల్లగుడ్డోళ్ళలో నువ్వు సూడలేదేటి?”

“తెల్లగుడ్డేటి బాబూ! ఆయన సైకిలుకి ఎర్రగుడ్డున్నాది. గుట్ట దారికి నేనే పంపినాను. ‘ఇటేనా నాయనా’ అని అడిగినారు కూడాను. ఇటే ఎల్లండి అన్నాను.”

ఉమాశంకర్ ధనరాజు చొక్కా పట్టుకున్నాడు.

“నీ కళ్ళేటైనా పోయినాయేట్రా? నిన్న సాయంత్రం నా కొట్టు ముందు, నా సేత్తో తెల్లది కట్టినాను! ఎర్రదంటే గుట్టకి కదరా! ఆ దిగుడులో పాతోళ్ళే సైకిలు దిగి నడిపించుకొస్తారు!”

“అమ్మతోడు బాబూ, ఎర్రదే. ఎర్రది సూసే పంపినాను.”

కుసుమకుమారి పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కుర్చీలో కూలబడింది.

“నడు, బండి తియ్” అని ఉమాశంకర్ లేచేసరికి జేబులో ఫోను మోగింది. తెర మీద రాంబాబు పేరు. అమ్మయ్య అనుకున్నాడు.

“బావా! ఎక్కడున్నావు బావా? హడలగొట్టీసినావు కదా!”

అవతల ఎవరిదో ఆడగొంతు. “ఈ ఫోనాయన మీకేటౌతారు బాబూ? మేం క్వారీలో పనోళ్ళం. గుట్ట దిగువ మలుపులో సైకిలుతో సహా గోతిలో పడిపోయున్నారు. నీళ్ళు పోసి సూసినాం. ఊపిరి లేదు బాబూ.”

ఫోను స్పీకర్లో లేకపోయినా ఆ మాట టెంటులో అందరికీ వినపడింది. క్లబ్బులో పెద్దవాడైన నరసింగరావు గొంతు లేచింది.

“ఎంత పని సేసినావు శంకరూ! బేరాల హడావుడిలో ఏ రంగు కడుతున్నావో సూసుకోవాలా వద్దా? నిండు ప్రాణం తీసీసినావు కదా!”

“నేను తెల్లదే...” అనబోయి ఉమాశంకర్ ఆగిపోయాడు.

నిజంగా తెల్లదేనా? కొట్టు నిండా జనం. ఒక చేత్తో మేకులు తూస్తూ, ఇంకో చేత్తో సంచిలోంచి గుడ్డ తీశాడు. రంగుల సంగతి మీటింగులో అందరికీ చెప్పాడు గానీ, ఆఖరి నిమిషంలో చేరిన రాంబాబుకి చెప్పనేలేదు. ‘దారి చీలిన చోట మనోడుంటాడు బావా, వాడు చూపించినట్టు పోవడమే’ అని భుజం తట్టి పంపేశాడు. ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. ఆ మాటకి ఎంతసేపు పడుతుంది గనక! తన మీద తనకే అసహ్యం వేసింది.

చుట్టూ ఉన్నవాళ్ళు తలా ఒక మాట అంటున్నారు. కుసుమకుమారి ఒక్కతే ఏమీ అనడం లేదు. ఏడవడమూ లేదు. ఉమాశంకర్ వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర చతికిలబడ్డాడు.

“నాదే తప్పు సెల్లెమ్మా. మతిమాలి ఎర్రది కట్టీసినట్టున్నాను. నన్ను కొట్టు, పోలీసులకి పట్టించు. ఏదో ఒకటి అనమ్మా!”

కుసుమకుమారి అతనివైపు చూడకుండానే, నెమ్మదిగా అంది.

“నువ్వు తెల్లదే కట్టినావన్నియ్యా... పొద్దున్నే ఆ తెల్లగుడ్డతో గుమ్మం దాటుతుంటే నా పసుపుకుంకాలకి కీడనిపించి, అది పీకీసి, అమ్మోరి కాడ పెట్టిన ఎర్ర రవికెగుడ్డ నేనే కట్టినాను.”