తొట్టి మీద గొంగళి

కత్తిపీట ముందు కూర్చుని సాల్మన్ చేపను చీల్చిన వీరవేణికి, దాని కడుపులో ఎర్రటి జన, గుడ్ల గుత్తి, కనబడింది. గబుక్కున లేచి తలుపు గడియ పెట్టింది.

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులు పోయి, ఇంటింటా చన్నీళ్ల తొట్లు వచ్చాక ఏ చేపా గుడ్డు కట్టలేదు. పగలు కురచబడితేనే సాల్మన్ గుడ్డుకొస్తుంది. అందుకే తొట్లు ఇచ్చిన కంపెనీ పెట్టిన దీపాలు షెడ్డులో ఎప్పుడూ వేసవి పగలే వెలిగిస్తాయి. చేప గుడ్డు పెడితే, ఊళ్లోవాళ్లు చేపపిల్లల్ని సొంతంగా పుట్టించుకుని తన దగ్గర కొనడం మానేస్తారని కంపెనీకి భయం. జన దొరికిన ఇంట్లో తొట్టి ఉంచదు.

వీరవేణికి ముందు పక్కింటివాళ్ల మీద అనుమానం వచ్చింది, తర్వాత మేత మీద, చివరికి మొగుడి మీద కూడా. సాయంత్రం షెడ్డు తలుపు చాటున నిలబడి చూస్తే, అత్త పేరంటమ్మ తొట్టి మీద నల్ల గొంగళి పరుస్తోంది. పైన దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, కింద నీళ్లలో మాత్రం చీకటి.

"ఏంటత్తా ఇది?"

"దిష్టే. పొద్దుగూకితే చాలు, ఊళ్లో ఆడోళ్లంతా వచ్చి ఎంత బలిసినయ్యో అంటన్నారు. తెల్లారగానే తీసేత్తన్నాను గదా."

మర్నాడు వచ్చిన కంపెనీ మనిషి ఒక చేప పొట్ట తడిమి మొహం చిట్లించాడు.

"ఉబ్బుగా ఉందేంటి? రాత్రిళ్లు దీపాలు ఆపుతున్నారా?"

"వాటి జోలికే పోలేదండి. మీ ఫోన్లోనే చూసుకోండి," అంది వీరవేణి.

చూసుకున్నాడు. దీపాలు ఒక్క క్షణం కూడా ఆరలేదు. అయినా గేటు దాకా వెనక్కి చూస్తూనే వెళ్లాడు.

ఆ సాయంత్రం ఎండ వాలగానే, అత్త కంటే ముందు వీరవేణే గొంగళి దులిపింది.