పెద్దలు నడిచి వచ్చిన రోజు

"మీరు పిలిచిన నంబరు ప్రస్తుతం అందుబాటులో లేదు" అని ఆ ఆడగొంతు పదకొండోసారి చెప్పింది.

బుర్మకాన్ ఫోనును కొంగుగుడ్డతో తుడిచి, తుడవడానికేమీ లేకపోయినా మళ్ళీ తుడిచి, కిటికీ గట్టు మీద పెట్టింది. అక్కడైతేనే సిగ్నలు అందుతుంది. కొడుకు ఎసెన్ రోజూ ఏడింటికి, గనిలోకి వెళ్ళే ముందు, ఒక్క నిమిషం మాట్లాడతాడు. "అమ్మా, దిగుతున్నా" అంటాడు. "దిగు నాయనా" అంటుంది. అంతే. ఇవాళ ఆ నిమిషం లేదు. ఆవును సగం పితికి వదిలేసింది. పొయ్యి మీది పాలు పొంగిపోయాయి.

గోడ అవతల నుంచి పొరుగింటి గుల్సున్ తల ఎత్తి చూసింది.

"ఏం వదినా, పొద్దుటి నుంచీ ఆ ఫోనుకు కాపలా కాస్తున్నావు? ఈ వయసులో ఎవడైనా కుదిరాడా?"

"కుదిరితే నీకే ముందు చెబుతాలే, కుళ్ళుకుంటావుగా. ఎసెన్ ఫోను కలవడం లేదే."

"చార్జింగ్ పెట్టుకోవడం మరిచిపోయుంటాడు. తల్లికి సంతకం పెట్టొద్దని నూరిపోయడం మాత్రం మరిచిపోడు."

సంతకం మాట ఊరందరి నోటా నానుతోంది. బంగారు గని కంపెనీ కొండకు ఇవతలి వైపుకు రావాలంటే బుర్మకాన్ చలికాలపు మేత నేల కావాలి. ఊట ఉన్నది ఆ నేలలోనే. కింద పన్నెండు ఇళ్ళు ఆ నీళ్ళే తాగుతాయి. రోడ్డు వేస్తామన్నారు, బడికి కొత్త కప్పు వేస్తామన్నారు. అందరూ సంతకాలు పెట్టారు. మిగిలింది ఈమె ఒక్కతే. "వాళ్ళ దగ్గర పనిచేసేవాణ్ణి, అవతలి లోయలో వాగు ఏ రంగులో పారుతోందో చూసినవాణ్ణి. పెట్టకమ్మా" అన్నాడు ఎసెన్. ఆమె పెట్టలేదు.

గుల్సున్ ఇంకేదో అనబోయి ఆగింది. ఆమె చూపు వీధి మొదటికి పోయింది. ముఖంలో నవ్వు ఆరిపోయింది. తలగుడ్డ సర్దుకుంది.

"వదినా, పెద్దలు వస్తున్నారు."

"ఎవరింటికి?"

గుల్సున్ తల గోడ వెనక్కి దిగిపోయింది.

నలుగురు ముసలివాళ్ళు, తెల్లటి ఉన్ని టోపీలు పెట్టుకుని, వయసు వరసలో మెల్లగా నడిచి వస్తున్నారు. ముందు జొల్దోష్ తాత. అందరికన్నా వెనక కంపెనీ మనిషి తిలెక్, తల వంచుకుని. ఒంటి మీద ఎసెన్ వేసుకునే లాంటిదే నారింజరంగు కోటు. కారును వీధి మొదట్లోనే వదిలేసి వచ్చాడు.

ఆ ఊళ్ళో చావు కబురు ఒక్కడే మోసుకురాడు. పెద్దలు కలిసి నడిచి వస్తారు. కూర్చుంటారు, టీ తాగుతారు, గడ్డి సంగతి అడుగుతారు. కప్పు ఖాళీ అయ్యాకే చెబుతారు. పన్నెండేళ్ళ కిందట భర్త కబురు ఇలాగే వచ్చింది. ఆ రోజూ ముందు నడిచింది ఈ జొల్దోష్ తాతే.

"ఇంట్లోనే ఉన్నావా తల్లీ?"

"రండి తాతా."

రొట్టె విరిచి పెట్టింది. టీ పోసింది. కప్పు ఖాళీ కాకపోతే ఆ మాట రాదన్నట్టు, రెండు గుక్కలు తాగీ తాగకముందే మళ్ళీ పోసింది.

"ఈ ఏడు గడ్డి బాగా వచ్చిందా?" అన్నాడు తాత.

ఆమె రొట్టె పళ్ళెం ఆయన ముందుకు జరిపింది.

"వచ్చింది."

"మంచు ముందే పడేట్టుంది."

"పడనీండి."

దేవుడా, వాడు బతికుంటే చాలు. నేల పోనీ, ఊట పోనీ, అడిగినవాళ్ళకు ఇచ్చేస్తాను. నీ మీద ఒట్టు.

తాత కప్పు మీద అరచెయ్యి మూశాడు, ఇక చాలన్నట్టు.

"బుర్మకాన్, మేం వచ్చిన పని..."

"చెప్పేయండి తాతా. వాణ్ణి ఎక్కడ పడుకోబెట్టారు?"

నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఎవర్ని?"

"నా కొడుకుని."

"నోరు కడుక్కో తల్లీ, అవేం మాటలు. మేం కాగితం పని మీద వచ్చాం."

తిలెక్ మోకాళ్ళ మీద ముందుకు జరిగాడు. "ఎసెన్‌కేం కాలేదమ్మా. పొద్దున గేటు దగ్గర నేనే పలకరించాను. నవ్వుతూ దిగాడు."

బుర్మకాన్ కెటిల్ కింద పెట్టేసింది. ఏడ్చింది, నవ్వింది, తలుపు దగ్గర కూర్చున్న తిలెక్‌ను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, తాత పక్కన మర్యాద చోటులో కూర్చోబెట్టి, నుదుటి మీద ముద్దు పెట్టుకుంది.

"ఎంత పని చేశారు తాతా. గడ్డి సంగతి అడిగేసరికి నా గుండె ఆగిపోయింది."

"నాకేం తెలుసు? వెళ్ళగానే కాగితం తీయకండి, నడిచి వెళ్ళండి, టీ తాగండి, గడ్డి సంగతీ అదీ అడగండి, ఆమెకు గౌరవంగా ఉంటుందని ఈ అబ్బాయే అన్నాడు" అన్నాడు తాత, కొంచెం సిగ్గుపడి. "పట్నం పిల్లాడైనా మన మర్యాద తెలిసినవాడు."

తిలెక్ కాగితం తీశాడు. ఏమీ అడగలేదు. కలం పక్కన పెట్టాడు, అంతే.

ఆమెకు ఒట్టు గుర్తొచ్చింది. దేవుడు తన మాట నిలబెట్టుకున్నాడు. తను తప్పుతుందా? సంతకం పెట్టింది.

ఏడవడానికి తలగుడ్డలు కట్టుకుని వచ్చిన గుల్సున్, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు వాకిట్లోనే సంగతి విని, మిగిలిన రొట్టె తిని, ఆమెను ఆట పట్టించి వెళ్ళారు.

సాయంత్రం అయిదింటికి కిటికీ గట్టు మీద ఫోను మోగింది.

"అమ్మా, ఇప్పుడే పైకెక్కాను. పొద్దున చేయలేకపోయాను."

"ఏమైందిరా ఫోనుకి? నా ప్రాణం పోయిందనుకో."

"గేటు దగ్గర తిలెక్ తీసుకున్నాడు. ఏదో తనిఖీ అట. ఇప్పుడే తిరిగిచ్చారు."

బుర్మకాన్ కిటికీలోంచి ఊట వైపు చూసింది. అక్కడెవరో ఇద్దరు నేలలో హద్దు కర్రలు పాతుతున్నారు.

"అందరివీ తీసుకున్నారా?"

"లేదమ్మా. నా ఒక్కడిదే."