అమ్మ పోలిక

“నా కూతురి కళ్ళకు వంక పెట్టినవాడెవడో, ముందు వాడి కళ్ళు చూపించుకోమను!” అంది టైలరమ్మ, సూదిని ముక్కు చివరకు తెచ్చుకుంటూ. ఒక కన్ను మూసి, తల పక్కకు వంచి, దారాన్ని ఒక్క పోటుకే ఎక్కించేసింది.

ఆ విద్య చూడడానికే కొందరు దుకాణానికి వచ్చేవారంటే నమ్మాలి. పనివాళ్ళు ఎంతమంది ప్రయత్నించినా, మెల్లకన్ను పడడమే తప్ప దారం ఎక్కేది కాదు. పట్టుబడింది ఒక్క కూతురికే. “అది మా రక్తంలో ఉండాలి,” అని మురిసిపోయేది తల్లి. చిన్నప్పుడంతా బొత్తాల డబ్బాతో ఆడుకున్నందుకు ఆ పిల్లకు బొత్తాం అనే పేరు స్థిరపడిపోయింది. ఇరవయ్యేళ్ళొచ్చినా అదే పిలుపు.

“వంక కాదమ్మా, జబ్బు. కెరటోకోనస్ అంట. నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర ఉంటుందిగా, అది పలచబడి ముందుకు పొడుచుకొస్తోందట. కళ్ళజోళ్ళ షాపులో పరీక్షచేసి స్పెషలిస్టుకి చూపించమన్నారు.”

“ఆ పేరేమిటో, పలికేలోపు తెల్లారుతుంది! చాకుపీసు గీత రెండుగా కనబడి కోటు చెయ్యి తప్పుగా కత్తిరించావు, అంతేగా? పెద్ద షాపుల్లోవాళ్ళలా నిటారుగా నిలబడి కత్తెర ఆడిస్తే తప్పక చస్తుందా? గుడ్డ వాసన చూస్తూ కత్తిరించాలని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పానా లేదా?”

టైలరమ్మ పద్ధతి అది. ముక్కు గుడ్డకు తగిలేంతగా వంగితే గానీ కత్తెర పట్టేది కాదు. అలా కత్తిరించిన కోటు ఒకసారి వేసుకున్నవాడు మళ్ళీ ఇంకో గడప తొక్కేవాడు కాదు. అలాంటి చేతి కింద పని నేర్చుకున్నానని బొత్తాంకు ఎంత గర్వమో! ఆ కత్తెర ఏనాటికైనా తన చేతికి రావాలన్నదే ఆమె ఆశ. కళ్ళే చెడితే కత్తెర ఎక్కడిది? ఆ భయంతోనే తల్లిని బతిమాలింది, అలిగింది, చివరకు తిండి మానేసి మరీ బయల్దేరదీసింది.

“వస్తాను గానీ, నీ కంటి మీద మాత్రం ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వను,” అని దారి పొడుగునా తల్లి గొణుగుతూనే ఉంది. అమ్మ కాదన్న పని బొత్తాం ఇంతవరకూ చెయ్యలేదు.

బస్టాపులో వచ్చిన ప్రతి బస్సూ ఎక్కడికి పోతుందో, పక్కన నిలబడ్డ ప్రతివాళ్ళనీ అడిగింది టైలరమ్మ.

“బోర్డు చూడొచ్చుగా అమ్మా?”

“నోరు మంచిదైతే ఊరు మంచిది. బోర్డు నన్ను పలకరిస్తుందా ఏం?”

స్పెషలిస్టు నెరిసిన జుట్టున్న డాక్టరమ్మ. బొత్తాంను మెషిన్ ముందు కూర్చోబెట్టి, గడ్డం ఆనించమని, రెండు కళ్ళూ ఫొటో తీసింది. తెర మీద కళ్ళ బొమ్మలు రంగురంగులుగా వచ్చాయి. కింది వైపు ఎర్రటి మచ్చలు.

“మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?”

“మా ఇంటా వంటా లేదు!” టైలరమ్మకు రోషం పొడుచుకొచ్చింది. “ఈ వయసులో నాకే కళ్ళజోడు లేదు. దానికి అచ్చం నా కళ్ళే వచ్చాయి, కావాలంటే చూసుకోండి!” అని కళ్ళు గట్టిగా నులుముకుంది. నూలు దుమ్ములో బతికేవాళ్ళకు అది మామూలే. బొత్తాం చెయ్యి కూడా కంటి మీదికి వెళ్ళింది.

డాక్టరమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. “నులమకు తల్లీ, ఈ జబ్బుకి అదే ఆజ్యం. నీకెలా కనిపిస్తోందో చెప్పు.”

“ఇదివరకు బాగానే కనిపించేదండీ. ఇప్పుడు దీపాలకు తోకలు. చందమామలు ఒకదాని మీద ఒకటి మూడు కనిపిస్తాయి.”

టైలరమ్మ ఫక్కున నవ్వేసింది. “ఓసి పిచ్చిమొహమా! దీనికా నన్నింత దూరం ఈడ్చుకొచ్చావు?”

బొత్తాంకు తల కొట్టేసినట్టయింది. తనకు ధైర్యం చెప్పడానికే నవ్వుతోందని సర్దుకోబోయింది గానీ, డాక్టరమ్మ ముఖం బిగుసుకుంది.

“నవ్వే విషయం కాదమ్మా. ఊరుకుంటే ఇంకా ముదురుతుంది. ఆ పొర పలచబడి ఉబ్బిపోతుంది.”

“అంటే, మోకాలి దగ్గర పంట్లాం గుడ్డ అరిగి ఉబ్బినట్టా?”

“సరిగ్గా అంతే. మందు చుక్కలు వేసి, ఒకరకం కాంతి పట్టించి దాన్ని గట్టిపరుస్తాం. చాలామందికి అక్కడితో ఆగుతుంది. తర్వాత గట్టి లెన్సులు పెడితే చూపూ చక్కబడుతుంది.”

“కాలరు బిర్రుగా నిలబడడానికి లోపల కాన్వాసు వేసినట్టు,” అని గొణిగి, టైలరమ్మ లేచి తెరకు ముక్కు ఆనించినంత పనిచేసి ఆ ఎర్రమచ్చల్ని చూసింది. మళ్ళీ వచ్చి కూతురి తల మీద చెయ్యి వేసింది.

“చెయ్యండి డాక్టరుగారూ. నా కత్తెర అందుకోగలిగింది ఇదొక్కతే. దీనంత సన్నగా కుట్టడం నాకే రాదు.”

అమ్మ నోట తన పనికి మెప్పు! బొత్తాం ఇన్నేళ్ళలో అలాంటి మాట వినలేదు. కళ్ళు చెమర్చాయి. నులుముకోబోయి, గుర్తొచ్చి ఆగిపోయింది.

మందుల చీటీ తీసుకుని ఆమె లేచింది. తల్లి మాత్రం లేవలేదు. చేతిసంచి తాడు మెలిపెడుతూ కూర్చుంది. వీధి చివరిదాకా వినిపించే ఆ గొంతు మొదటిసారి తగ్గింది.

“ఏమీ అనుకోనంటే ఒక్క మాట అడుగుతాను డాక్టరుగారూ.”

“అడగండమ్మా.”

“మీకెన్ని చందమామలు కనిపిస్తాయి?”